మహానగరంలో కొత్త మనిషి

గత మాసంలో ముంబయి నుండి మా కార్యాలయానికి ఒక బదిలీ దరఖాస్తు అందింది. పంపినవాడు శ్రీకాకుళం జిల్లాకు చెందిన యువకుడు. స్టాఫ్ సెలక్షన్ పరీక్ష నెగ్గి తపాలా శాఖలో పోస్టల్ అసిస్టెంటుగా చేరినవాడు. రెండేండ్ల ప్రొబేషను పూర్తయిన మరుసటి వారంలోనే 38వ నిబంధన క్రింద సొంత రాష్ట్రానికి బదిలీ కోరుకున్నాడు. అటువంటి దరఖాస్తుల్లో సాధారణంగా తల్లిదండ్రుల అనారోగ్యం కారణంగా చూపుతారు. ఇతడూ అదే చూపాడు. అయితే దరఖాస్తుతోపాటు నా పేర తెలుగులో ఒక ఉత్తరం జతచేశాడు. “ఈ ఊరి మనుషులు మొరటువారు. రెండేండ్లలో నన్ను భోజనానికి పిలిచిన ఇల్లు ఒక్కటీ లేదు. దయచేసి నన్నిక్కడ నుండి తప్పించండి” అని అందులోని సారాంశం.

38వ నిబంధన క్రింద పోయినవాని స్థితి ఏమిటో పాఠక సోదరులకు తెలియనిది కాదు. కొత్త యూనిట్‌లో సీనియారిటీ పట్టిక అడుగున నిలబడవలసిందే. రైల్వేలో స్వంత అభ్యర్థనపై డివిజన్ మారేవారికీ అదే గతి. ఒక నగరం పలకరించలేదన్న బాధకు ఒక ఉద్యోగి తన సర్వీసు అంతటా మూల్యం చెల్లించబోతున్నాడన్నమాట. కనుక ఆ ఉత్తరాన్ని చిన్నపిల్లవాని బెంగగా తీసిపారవేయడం నాకు సాధ్యం కాలేదు.

ఇంతకూ ఆ ఫిర్యాదు నిజమేనా? 2006లో రీడర్స్ డైజెస్ట్ పత్రిక ముప్పై అయిదు ప్రపంచ నగరాలలో మర్యాదను పరీక్షించింది. వెనుక వచ్చేవారి కోసం తలుపు పట్టుకుంటారా, కిందపడిన కాగితాలు ఏరి ఇస్తారా, దుకాణంలో కొన్నవారికి కృతజ్ఞత చెబుతారా అన్నవి వారి పరీక్షలు. న్యూయార్క్ మొదటి స్థానంలోనూ, మన ముంబయి చిట్టచివరి స్థానంలోనూ నిలిచాయి. ఈ పరీక్షపై నాకు గౌరవం తక్కువ. మన దేశంలో కొట్టువాడు “థాంక్యూ” అనడు. ఒక చాక్లెట్ బిళ్ళ చేతిలో పెట్టి “మళ్ళీ రండి” అంటాడు. అది లెక్కకు వచ్చినట్టు లేదు. రాబర్ట్ లెవిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఇరవై మూడు దేశాల నగరాలలో చేసిన పరిశోధన 2001లో వెలువడింది. అంధునికి రోడ్డు దాటడానికి సాయపడటం, జారిపడిన కలాన్ని తిరిగి ఇవ్వడం వంటివి వారి కొలతలు. అందులో రియో డి జనీరో ప్రథమ స్థానంలోనూ, కౌలాలంపూర్ అట్టడుగునా ఉండగా మన కలకత్తా పైవరుసలో నిలిచింది. సంపద పెరిగిన దేశాల నగరాలలో పరాయివానికి సాయం తగ్గుతున్నట్లు కూడా వారు గమనించారు. ఇరుకు, బీదరికం ఉన్నచోట మనుషులు తప్పనిసరిగా కఠినులౌతారనే మాట కలకత్తా ముందు నిలువదు.

నా స్వానుభవం ఒకటి చెప్పవలసి ఉంది. 1992లో నేను ఉద్యోగంలో చేరడానికి బొంబాయి చేరాను. వచ్చిన మూడవ రోజు సాయంత్రం దాదర్‌లో విరార్ ఫాస్టు ఎక్కాను. నేను దిగవలసింది అంధేరీలో. బండి అంధేరీ చేరింది, ఆగింది, కదిలింది. నేను మాత్రం తలుపుకు రెండు బారల దూరంలో నలుగురి మధ్య నలిగి నిలబడే ఉన్నాను. పక్కనున్న పెద్దమనిషి ఒకరు హిందీలో నన్ను నానా తిట్లూ తిట్టారు. అంధేరీ పోయేవాడివి విరార్ బండి ఎందుకెక్కావు, ఎక్కినవాడివి ముందే తలుపు దగ్గరకు ఎందుకు జరగలేదు, నీవల్ల ఎందరికి అడ్డమో తెలుసా అన్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బొరీవలీలో ఆయనే నా మోచేయి పట్టుకొని దింపారు, వంతెన దాటించారు, తిరుగు లోకల్‌లో ఎక్కించి, అంధేరీ ప్లాట్‌ఫారం ఏ వైపున వస్తుందో చెప్పి, ఎక్కడ నిలబడాలో చేతితో చూపి వెళ్ళిపోయారు. పేరు అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆయనను మర్యాదస్థుల పట్టికలో వేయాలా, మొరటువారి పట్టికలోనా అన్నది ఇన్నేండ్లయినా నాకు తేలలేదు.

ముంబయి సబర్బన్ బండ్లలో రోజుకు డెబ్బై లక్షలకు పైబడిన ప్రయాణాలు సాగుతాయి. ఒక్కొక్క స్టేషనులో బండి ఆగేది అర నిమిషం కంటె తక్కువ. ఈ ఇరుకులో పెంపొందిన మర్యాద వేరు. ముగ్గురు కూర్చునే బల్లపై “థోడా సరకో” అంటే నాలుగవ వానికి అంచు దొరుకుతుంది. “ఎక్కడ దిగుతారు?” అని అడిగితే అది ఆరా కాదు, దిగే వరుసలో తన స్థానం చూసుకోవడం. పరుగెత్తి వచ్చేవానికి తలుపు దగ్గర చేయి అందించే మనిషే, లోపల కాలు తొక్కితే కసురుకుంటాడు. కొత్తవాడు ఆ కసురును చూస్తాడు, ఆ చేతిని చూడడు.

2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజున 944 మిల్లీమీటర్ల వాన కురిసి బండ్లు నిలిచిపోయినప్పుడు ముక్కూమొగం తెలియని వారిని ఇండ్లలోకి పిలిచి తిండి పెట్టిన నగరం అది. 2006 జూలై 11 సాయంత్రం పశ్చిమ రైల్వే లోకళ్ళలో బాంబులు పేలి నూట ఎనభై మందికి పైగా చనిపోయినప్పుడు, పట్టాల పక్క గుడిసెలవారు ఇంటిలోని దుప్పట్లు తెచ్చి క్షతగాత్రులను మోశారు. ఈ సంగతులను పత్రికలు “ముంబయి స్ఫూర్తి” అని కీర్తిస్తాయి. మరునాడే అందరూ పనికి పోవడం స్ఫూర్తి కాదు, పోకపోతే రోజుకూలి పోతుంది గనుక. అదీగాక కొత్తవానికి కావలసింది వరదనాటి ఆదరణ కాదు; మామూలు మంగళవారంనాటి పలకరింపు.

మొరటుతనాన్ని, శత్రుత్వాన్ని ఒక గాటన కట్టరాదు. 1960 దశకం చివర బొంబాయిలో దక్షిణాదివారిపై సాగిన ప్రచారం, 2008 అక్టోబరు 19న రైల్వే నియామక పరీక్ష వ్రాయడానికి వచ్చిన ఉత్తరాది అభ్యర్థులపై ఒక రాజకీయ పార్టీ కార్యకర్తలు చేసిన దాడి — ఇవి నగరవాసుల సహజ ప్రవర్తన కావు. ఉద్యోగాల కొరతను చూపి, ఆ కోపాన్ని బీదవానిపైకి మళ్ళించినవారి పని. మనమూ చేతులు కడుక్కోనవసరం లేదు. హైదరాబాదులో గోడకట్టే బీహారు, ఒడిశా కూలీలను మనవారు ఏ గొంతుతో పిలుస్తారో ఒకసారి చెవియొగ్గి వినండి. ఒకనాడు తెలుగు కూలీలు, కామాఠీలు రాళ్ళు మోసి కట్టిన బొంబాయిలో వారి పేరిట కామాఠీపురా అనే పేటే వెలసింది. పాలమూరు బిడ్డలు తరతరాలుగా అక్కడ తాపీపని చేశారు. వారికెవ్వరూ హారతి పట్టలేదు.

పాలమూరు అంటే ఒక సంగతి జ్ఞాపకం వస్తున్నది. చేరిన మూడవ సంవత్సరం నేను ఒక తపాలా కార్యాలయంలో మనియార్డరు కౌంటరులో ఉన్నాను. ఒంటిగంట దాటినా క్యూ తరగలేదు. పక్క కౌంటరు మనిషి సెలవులో ఉన్నాడు. సున్నం మరకల చొక్కాతో ఒకాయన ఫారం ఇచ్చాడు. చిరునామా ఉండవలసిన చోట సొమ్ము, సొమ్ము ఉండవలసిన చోట ఊరు. నేను ఫారాన్ని కిటికీలోంచి విసిరి, “చదువు రాకపోతే రాయించుకొని రా” అని హిందీలో కసిరాను. ఆయన కాగితం ఏరుకొని, నా చొక్కాపై పేరు చదివించుకొని కాబోలు, మళ్ళీ వచ్చి మెల్లగా తెలుగులో “అయ్యా, మీరు మనోళ్ళేనా?” అని అడిగాడు. ఔనని చెప్పడానికి నోరు రాలేదు. అప్పటికే బయట పేవ్‌మెంటుపై ఉత్తరాలు వ్రాసే ముసలాయన వద్ద రెండు రూపాయలిచ్చి ఫారం రాయించుకొని వచ్చాడు. మహబూబ్‌నగర్ జిల్లాకు మూడు వందల రూపాయలు.

ఆ యువకుడు చెప్పిన మొరటు మనుషులలో ఆనాటి నేనూ ఒకణ్ణి. కొత్తవానికి నగరం మొదట కనిపించేది విచారణ కిటికీలోనూ, టికెట్టు తనిఖీలోనూ, తపాలా కౌంటరులోనూ. అంటే మన ముఖాలలోనే. ఖాళీలు నింపకుండా ఇద్దరి పని ఒకరిపై వేస్తే ఆ ముఖం ఎలా ఉంటుందో అధికారులకు తెలియదని అనుకోను. అయినా ఆనాడు ఆ ఫారాన్ని విసరమని నాకు ఏ అధికారీ ఉత్తర్వు ఇవ్వలేదు.

నేను ముంబయి వెళ్ళి ఆ యువకుణ్ణి కలిశాను. అతని గది బద్లాపూర్‌లో ఉంది. ఏడవ వేతన సంఘం లెక్కలో 25,500 రూపాయల ప్రారంభ మూల వేతనంపై 30 శాతం ఇంటి అద్దె భత్యం అంటే 7,650 రూపాయలు. ఆ సొమ్ముకు, అదీ పెండ్లికాని కుర్రవానికి, పట్టణం నడుమ గది ఎవరిస్తారు? తెల్లవారుజామున బయలుదేరి రాత్రి తొమ్మిదికి గదికి చేరేవాణ్ణి ఏ ఇంటివారు ఏ పూట భోజనానికి పిలువగలరు? అతని తోటి ఉద్యోగులదీ అదే పరుగు; ఒకరు కర్జత్, ఒకరు వసయి. మధ్యాహ్నం టిఫిను డబ్బాలు ఏ భాషవారు ఆ భాషవారితో విప్పుకుంటారని అతడు చెప్పింది మాత్రం నిజం. ఆ గదిలో మన సంఘ సభ్యులు పదకొండుమంది ఉన్నారు. రెండేండ్లలో చందా రసీదు చింపి ఇచ్చినవారే గాని, “నాయనా, ఎక్కడుంటున్నావు?” అని అడిగినవారు లేరు. శాఖా కార్యదర్శిని ఈ విషయమై నేను గట్టిగానే మందలించాను. ఆయన నొచ్చుకున్నారు.

సీనియారిటీ నష్టం సంగతి ఆ యువకునికి వివరించాను. “తెలుసండి, లెక్కవేసుకున్నాను” అన్నాడు. దరఖాస్తు వెనక్కి తీసుకోమని నేను అడుగలేదు. అది అతని హక్కు. సంతకం చేసి పైకి పంపాను. ఉత్తర్వు రావడానికి ఎంతకాలం పడుతుందో ఎవరికీ తెలియదు గనుక, ఈలోగా వచ్చే నెల ఒకటవ తేదీన ఆ శాఖలోనివారే మరి ఇద్దరితో కలిసి డోంబివిలీలో గది తీసుకుంటున్నాడు. వారిలో ఒకరు మరాఠీ, ఒకరు ఒడియా. వంట ఎవరిదన్న విషయంలో ఇంకా తగాదా తెగలేదట.