గిరినాగుకు సబ్‌డివిజన్

అనకాపల్లి జిల్లాలో మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి వైపు తోటల్లో అడపాదడపా పన్నెండు అడుగుల గిరినాగు బయటపడుతుంది. కూలీలు గెలలు అక్కడే పడేసి పరుగో పరుగు. ఫారెస్టు వాళ్లకు ఫోను, పాములు పట్టే కుర్రాడు కర్రా సంచీ పట్టుకుని రావడం, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటో. ఆ ఫొటో కింద గిరినాగు అని రాసినా, రాచనాగు అని రాసినా, కింగ్ కోబ్రా అని రాసినా చదివేవాళ్లకు ఒకటే. 2024 అక్టోబర్ వరకూ శాస్త్రవేత్తలకూ ఒకటే. ఆ నెలలో యూరోపియన్ జర్నల్ ఆఫ్ టాక్సానమీలో వచ్చిన పరిశోధన పత్రం 188 ఏళ్లుగా ఒకే జాతి అనుకుంటున్న ఈ పామును నాలుగు జాతులుగా విడదీసింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా వినపడే మాట ఒకటుంది. పాము పామే కదా, నాలుగన్నా నలభై అన్నా కరిస్తే పోయేది ప్రాణమేగా, వీళ్లకు పనీపాటా లేదా అని. కోపం వచ్చే ప్రశ్నే గానీ, అడగాల్సిన ప్రశ్న. కాకపోతే అడిగేవాళ్లు దాన్ని సగంలో వదిలేస్తారు. కరిస్తే పోయేది ప్రాణమే. ఆ ప్రాణాన్ని నిలబెట్టే మందు ఏ పాము విషంతో తయారైంది అన్నదగ్గరే ఈ పేర్ల వ్యవహారం మన నట్టింట్లోకి వస్తుంది. అక్కడికి తర్వాత వద్దాం.

ముందు జరిగిందేమిటో చూద్దాం. మనకు తెలిసిన భాషలో ఇది సబ్‌డివిజన్. ఒక సర్వే నంబరు కింద భూమి ఎవరెవరి అనుభవంలో ఉందో గొలుసు వేసి కొలిచాక దాన్ని ఒకటి బై ఒకటి, ఒకటి బై రెండు అని చీలుస్తారు. భూమి పెరగదు, తరగదు. జాతుల విషయంలో వచ్చే చిక్కల్లా పాత నంబరు ఎవరికి దక్కాలన్నదే. దానికి అంతర్జాతీయ నియమావళి ఉంది. 1758లో లినేయస్ వేసిన ‘సిస్టెమా నేచురే’ పదో ముద్రణ నుంచి లెక్క మొదలు. ముందు ప్రచురించిన పేరుదే హక్కు. ఆ పేరు ఏ నమూనాను చూసి పెట్టారో, ఆ నమూనా ఎక్కడిదో అక్కడి జంతువుకే అది చెందుతుంది.

రాచనాగును 1836లో శాస్త్రానికి పరిచయం చేసింది థియోడర్ కాంటర్, ఈస్టిండియా కంపెనీ కొలువులోని డేనిష్ వైద్యుడు. ఆయన పాము కలకత్తా పక్కన సుందర్‌బన్స్‌ది. హమడ్రయస్ హన్నా అని నామకరణం చేశాడు. తీరా చూస్తే హమడ్రయస్ అనే పేరును అంతకుముందే ఒక సీతాకోకచిలుకల ప్రజాతికి ఇచ్చేశారు. జంతువుల్లో రెండు ప్రజాతులకు ఒకే పేరు కుదరదు. పన్నెండు అడుగుల పాము సీతాకోకచిలుకకు దారి ఇవ్వాల్సి వచ్చింది! 1864లో గుంథర్ దాన్ని ఒఫియోఫేగస్‌లోకి మార్చాడు, పాముల్ని తినేది అని. ఇంటిపేరు మారింది, హన్నా నిలిచింది.

ఇప్పటి విభజనలో ఆ హన్నా హిమాలయ పాదాల నుంచి తూర్పు భారతం, మయన్మార్, మధ్య థాయ్‌లాండ్ దాకా ఉన్న పాములకు దక్కింది. మలయా ద్వీపకల్పం, ఇండోనేషియా దీవుల పాముకు కొత్త పేరు అక్కర్లేకపోయింది. 1837లోనే ష్లెగెల్ ‘బంగారస్’ అని ఒక పేరు పెట్టి ఉన్నాడు, అదీ ఇదీ ఒకటేనని తర్వాతివాళ్లు పక్కన పడేశారు. దాన్నే దుమ్ము దులిపి మళ్లీ నిలబెట్టారు. (బంగారస్ కట్లపాముల ప్రజాతి పేరు కూడా, దాని మూలం ప్యాట్రిక్ రస్సెల్ 1796 నాటి పుస్తకంలో ఎక్కించిన మన ‘బంగారు పాము’.) ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవి పాముకు సాల్వటానా అని, పశ్చిమ కనుమల పాముకు కాళింగ అని కొత్త పేర్లు వచ్చాయి. కన్నడ పల్లెల్లో దాన్ని పిలిచే పేరే అది.

ఈ పని ఎలా చేస్తారన్నది పత్రికల్లో ఎప్పుడూ రాదు. జన్యు పరీక్ష చేశారు, తేలింది అని రాసి వదిలేస్తాం. నిజానికి నాలుగు శాఖలున్నాయని జన్యువులు చెప్పింది 2021లోనే. పేర్లు రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఎందుకంటే పేరు పెట్టాలంటే చేత్తో పట్టుకుని చూపించగలిగే గుర్తు కావాలి. మ్యూజియం గాజు జాడీలో వందేళ్ల కిందటి పాము చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఆల్కహాల్‌లో నాని పసుపు రంగు ఎప్పుడో దిగిపోయింది. మెడకు దారంతో కట్టిన కాగితం మీద ఊరి పేరు సగం చెరిగి ఉంటుంది. దాన్ని ట్రేలో వేసి, బిగుసుకుపోయిన చుట్టను మెల్లగా విప్పి, పొట్ట పొలుసుల్ని సూది మొనతో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాలి, రెండొందల పైచిలుకు. మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మెడ దగ్గర్నుంచి. నడుం చుట్టూ వరసలు పదిహేను ఉన్నాయా, తల వెనక రాచనాగుకు మాత్రమే ఉండే ఆ రెండు పెద్ద పొలుసులు ఏ ఆకారంలో ఉన్నాయి, ఒంటి మీద పట్టీలెన్ని, పట్టీకి నల్లటి అంచు ఉందా లేదా. పశ్చిమ కనుమల పాము దొరికిపోయింది ఆ అంచు దగ్గరే. హన్నా పట్టీలకు నల్లంచు ఉంటుంది, కాళింగకు ఉండదు.

ఇందులో మనవాళ్లు పట్టించుకోని ఒక విశేషముంది. మన తూర్పు కనుమల గిరినాగు పడింది హన్నాలో. అంటే చీడికాడ తోటలో దొరికిన పాముకు ఒడిశా, బెంగాల్ మీదుగా అస్సాం, బర్మా పాములతో చుట్టరికం. ఇదే దక్కన్ పీఠభూమికి అవతలి గట్టున, పశ్చిమ కనుమల్లో ఉన్న ఆగుంబె పాముతో కాదు. మధ్యలో ఉన్న ఎండు నేల వానాడవుల జీవిని దాటనివ్వలేదు. మ్యాపు మీద దూరం కొలిచేవాడికి ఇది అంతుపట్టదు. రెండు కనుమల పేర్లలోనూ కనుమలున్నాయి కాబట్టి జీవాలూ ఒకటేనన్న మన అలవాటు ఆలోచన ఇక్కడ చెల్లదు.

ఇప్పుడు మందు సంగతి. మన ఆసుపత్రుల్లో ఉండే పాము మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజరల విషంతో తయారయ్యేది. గిరినాగు అందులో లేదు. దానికి మందు చేసేది థాయ్‌లాండ్‌లో, అక్కడి పాము విషంతో. ఈ పరిశోధనకు ముందు నిలిచిన గౌరీశంకర్‌ను 2005లో కర్ణాటకలో రాచనాగు కరిచింది. థాయ్ మందు ఆయన మీద సరిగా పనిచేయలేదు. ఒకే జాతి అయితే ఎందుకు పనిచేయదు అన్న అనుమానం ఆయన్ని ఇంతదూరం లాక్కొచ్చింది. అంతమాత్రాన, విడదీసిన ప్రతి జాతికీ వేరే మందు కావాలని కాదు. ఒకే జాతిలోనూ ఊరికీ ఊరికీ విషం తేడా పడుతుంది. కానీ ఎక్కడ తేడా ఉండొచ్చో వెతకడానికి మొదటి గీత గీసేది వర్గీకరణే. ఆగ్నేయాసియా రక్తపింజరను మన రక్తపింజర నుంచి 2007లో విడదీసినప్పుడూ ఇదే జరిగింది.

చట్టం సంగతి ఇంకా తమాషా. వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువును కాపాడేది పట్టికలో ఉన్న పేరుతో. ఆ పట్టికలో కింగ్ కోబ్రా పక్కన ఉన్న శాస్త్రీయ నామం ఒఫియోఫేగస్ హన్నా. ఇప్పుడు పశ్చిమ కనుమల పాము హన్నా కాదు. కాళింగను పట్టి అమ్మినవాడి తరఫున తెలివైన లాయరు నిలబడి ‘నా క్లయింటు పట్టింది పట్టికలో లేని పామండీ’ అంటే? కోర్టు ఒప్పుకుంటుందని నేననుకోను. అయినా ఆ వాదనకు సందు ఇవ్వడం దేనికి? పట్టిక కింద ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది: ఈ పేరు నుంచి తర్వాత విడదీసిన జాతులన్నిటికీ ఇదే రక్షణ అని. మన దేశంలో వర్గీకరణ సవరణ జరగని ఏడాది లేదు. ఒక్కో మార్పుకూ విడిగా పట్టికను సవరిస్తూ పోవాలంటే అయ్యే పని కాదు.

పేర్లు పెట్టేవాళ్లందరూ గౌరీశంకర్ బృందంలాంటివాళ్లే అనుకుంటే పొరపాటు. ఆ నియమావళిలో ఒక పెద్ద లొసుగుంది. పేరు చెల్లాలంటే ప్రచురణ కావాలి, వర్ణన ఉండాలి, నమూనా చూపాలి. తోటి శాస్త్రవేత్తలు సమీక్షించి ఒప్పుకోవాలన్న షరతు మాత్రం లేదు. సొంత ఖర్చుతో ఒక పత్రిక పెట్టుకుని, ఇతరులు ఏళ్లతరబడి తేల్చిన శాఖలకు తాను ముందుగా పేర్లు పెట్టేసుకున్నవాడికీ హక్కు దక్కుతుంది. సరీసృపాల విషయంలో ఇది ఎంత ముదిరిందంటే, 2013లో ఆ రంగంలోని వాళ్లు కొందరు ఆ పేర్లను వాడబోమని బాహాటంగా చెప్పాల్సి వచ్చింది. నియమం ప్రకారం చూస్తే వాళ్లది తప్పు, న్యాయం ప్రకారం చూస్తే ఒప్పు. నా ఓటు న్యాయానికే. అయితే ఏ పేరు చెల్లుతుందో బహిష్కరణలతో తేలే పరిస్థితి ఎల్లకాలం సాగేది కాదు, నియమావళి మార్చుకోవాల్సిందే.

పేరు అపకారం చేసిన సంగతి చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, గుత్తి స్టేషన్ చాలు. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒకే ఒక్క ఆడ సాలీడును చూసి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. అరచేతి పొడుగు, నెమలికంఠం నీలం. ఆ తర్వాత వందేళ్లు దాని జాడ లేదు. ఉండదు మరి: అది గుత్తిది కాదు. దుంగలతోపాటు రైలెక్కి వచ్చింది. 2001లో దాని అసలు చోటు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. లోకమంతా దాన్ని ఇప్పటికీ గుత్తి సాలీడనే అంటుంది. చీటీ మీద రాసిన ఊరు నమూనా దొరికిన చోటు మాత్రమేనని, అది బతికే చోటని అనుకోవద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

దొరకడంతో దాని కష్టాలు తీరలేదు, మొదలయ్యాయి. ఆ నీలం రంగు విదేశాల్లో సాలీళ్లు పెంచుకునే వాళ్లకు పిచ్చెక్కించింది. నల్లమలలో ఫారెస్టు గార్డుకు దాని పేరు తెలిసేలోపు ఐరోపా, అమెరికా పెంపుడు జంతువుల బజార్లలో దాని ధర తెలిసిపోయింది. 2008లో అది తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి ఎక్కింది. బతికే చోటు వంద చదరపు కిలోమీటర్లు కూడా లేదని అంచనా. అంతర్జాతీయ వ్యాపారానికి కళ్లెం వేసే సైటిస్ జాబితాలోకి రావడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. ఇండోనేషియా రోటి దీవి తాబేలుదీ ఇదే కథ: 1994లో దానికి పేరు పెట్టారు, కొనేవాళ్లు క్యూ కట్టారు, దీవిలో అది దాదాపు ఖాళీ అయింది. అందుకే ఈ మధ్య కొందరు కొత్త జాతిని వర్ణిస్తూ కచ్చితమైన చోటు మాత్రం బయటపెట్టడం లేదు. శాస్త్రం దృష్టిలో అది సగం వర్ణనే. అయినా నల్లమల లాంటి చోట్ల నేను వాళ్లతోనే ఏకీభవిస్తాను. జీపీఎస్ అంకెలు మ్యూజియం రిజిస్టరులో ఉంటే చాలు, పత్రికలో అక్కర్లేదు.

జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో 2024లో మన దేశంలో వర్ణించిన కొత్త జంతు జాతులు 459. అంకె వినడానికి ఘనంగా ఉంటుంది. దాని వెనక ఇంకో అంకె ఉంది: ప్రపంచవ్యాప్తంగా ఒక నమూనా సేకరించిన రోజు నుంచి దానికి పేరొచ్చే రోజు దాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో ఫ్రెంచి పరిశోధకులు తేల్చారు. ఇరవై ఒక్క ఏళ్లు జాడీలో! ఈ పని చేసే చేతులు తక్కువ. మన డిగ్రీ కాలేజీల్లో జువాలజీ అంటే ఇప్పుడు ఆక్వాకల్చరు, బయోటెక్నాలజీ. పొలుసులు లెక్కపెట్టేవాడికి ఉద్యోగం ఇచ్చే ప్రకటన ఆఖరుసారి ఎప్పుడు చూశారో గుర్తు తెచ్చుకోండి.

అలాగని పెద్ద పథకాలు, కొత్త సంస్థలు అడగడం లేదు. తూర్పు కనుమల గిరినాగు ఈశాన్యపు గిరినాగుతో అచ్చంగా ఒకటేనా, దీనిలోనూ ఏదైనా తేడా ఉందా అని చూడాలంటే కావాల్సినవి మన దగ్గరి నమూనాలు. మాడుగుల, పాడేరు వైపు పాములు పట్టి అడవిలో వదిలేవాళ్లు పని ఎలాగూ చేస్తూనే ఉన్నారు. వదిలేముందు పొట్ట పొలుసు అంచు చిన్న ముక్క కత్తిరిస్తే పాముకు ఏమీ కాదు. ప్రపంచమంతా పాముల జన్యు నమూనా తీసే పద్ధతుల్లో అదొకటి. చట్టం కింద దానికి అటవీ శాఖ అనుమతి కావాలి కాబట్టి, ఆ శాఖే రేంజి ఆఫీసుకు ఒక్కరికి శిక్షణ ఇచ్చి ఆ పని పెట్టొచ్చు. బుడ్డి సీసాలో ఆల్కహాలు, పెన్సిలుతో రాసిన చీటీ: ఊరు, తేదీ, పొడవు, పట్టీల సంఖ్య. పెన్సిలు ఎందుకంటే సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.