కౌంటర్‌కు ఇటువైపు కూర్చుని అటువైపు చూడండి

మా పిన్ని కొడుకు హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా పూర్తిచేసి ఏడాది దాటింది. ఈమధ్య ఫోన్ చేసి, ‘అన్నయ్యా, జపాన్‌లో రెస్టారెంట్ ఉద్యోగాలున్నాయంట. రామెన్ షాపులో పనంట. వెళ్లొచ్చా?’ అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి పిన్ని గొంతు: ‘అంత దూరం వెళ్లి నూడుల్స్ ఉడకబెట్టి గిన్నెలు కడుగుతాడా? అదేదో ఇక్కడే కడగమను!’

టోక్యోలో నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. వంట నాకు పెద్దగా రాదు, తినడం మాత్రం బాగా వచ్చు. అందుకే వాడికి సలహా చెప్పే బదులు, అక్కడ నేను తిన్న రెండు భోజనాల గురించి చెప్పాను. విదేశాల్లో హోటల్ పని అనగానే ఇంట్లో వాళ్లు ఒక మాట, కన్సల్టెన్సీ వాళ్లు ఇంకో మాట చెప్పే కుర్రాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి మీకూ చెబుతున్నా.

మొదటిది సుగమో అనే పేటలో అప్పట్లో ఉన్న ‘త్సుతా’. 2015 డిసెంబరులో ప్రకటించిన మిషెలిన్ గైడ్‌లో దీనికి ఒక స్టార్ దక్కింది. ప్రపంచంలో ఒక రామెన్ షాపుకు ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. మిషెలిన్ స్టార్ అంటే మనవాళ్లకు ఫైవ్‌స్టార్ హోటల్ గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది గిన్నెలో ఉన్నదాన్ని చూసి ఇచ్చేది, గదిలో వేలాడే దీపాలను చూసి కాదు.

2017లో ఒకరోజు పొద్దున ఏడు కాకముందే వెళ్లి వరసలో నిలబడ్డాను. తినడానికి కాదు, టోకెన్ కోసం! 1000 యెన్లు డిపాజిట్ కడితే ఒక చీటీ ఇచ్చి, ఫలానా టైముకు రమ్మన్నారు. ఆ టైముకు వెళ్తే డిపాజిట్ తిరిగిచ్చేశారు. లోపల ఉన్నవి తొమ్మిది కుర్చీలు. ఒకటే చెక్క కౌంటరు. ఇటు మనం, అటు వాళ్లు. మధ్యలో తెర లేదు, అద్దం లేదు. తలుపు దగ్గర మిషన్‌లో డబ్బు వేసి, కావాల్సినదాని మీట నొక్కి, టికెట్టు తీసుకుని కూర్చోవాలి. వండే చెయ్యి నోటు ముట్టుకోదు, చిల్లర లెక్కపెట్టదు. టిప్పు ఇచ్చే అలవాటు ఆ దేశంలోనే లేదు.

కూర్చున్నాక ఫోన్ తీద్దామనుకున్నా. తీయలేదు. ఎదురుగా జరుగుతున్నది అంత బాగుంది. ఒకతను గిన్నెలను వేడి చేస్తున్నాడు, పోసిన సూపు చల్లారకూడదని. అడుగున సోయా సాస్ మిశ్రమం కొలిచి పోశాడు. దాని మీద కోడి, ఆల్చిప్పలు, ఎండుచేపల నుంచి తీసిన సూపు. ఇంకొకతను పొడుగాటి పిడి ఉన్న చిన్న జల్లెడ బుట్టల్లో నూడుల్స్ ఉడికిస్తూ, సమయం కాగానే పైకెత్తి ఒక్క విసురుతో నీళ్లు దులిపేస్తున్నాడు. ఆ నీళ్లు సరిగ్గా దులపకపోతే సూపు పలచబడి గంటల కష్టం వృథా అవుతుంది. అందుకే ఆ విసురు ప్రతిసారీ ఒకేలా ఉంది. నేను కూర్చున్న కొద్దిసేపట్లోనే ముప్పై సార్లన్నా చూసుంటాను. ఒక్క మాట లేదు, ఒక్క అరుపు లేదు. మన దగ్గర పెద్ద హోటళ్లలో వంటగది పక్క టేబుల్ ఇస్తే మొహం మాడ్చుకుంటాం. ఇక్కడ వంటగదిలోనే కూర్చోబెట్టారు, అదే ఆ షాపు గొప్పతనం.

రుచి మాటల్లో చెప్పడం కష్టం. మనకు అలవాటైన ఘాటు ఉండదు. మొదటి గుక్కలో సోయా వాసన, తర్వాత ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగు పరిమళం, చివర్లో నాలుక మీద నిలిచిపోయే చేపల సారం. జుర్రుమని చప్పుడు చేస్తూ తినడం అక్కడ తప్పు కాదు. మా అమ్మమ్మ ఉంటే, ‘ఎట్టకేలకు పద్ధతి తెలిసిన దేశం’ అనేది. తినేశాక గిన్నెను కౌంటర్ మీది గట్టుపై పెట్టి, మన ముందు తుడిచేసి లేవడం చాలా రామెన్ షాపుల్లో మర్యాద. లేచేటప్పుడు ‘గొచిసోసామా’ అంటాం, కడుపు నిండింది, కృతజ్ఞతలు అన్నట్టు. లోపలివాళ్లందరూ పని ఆపకుండానే జవాబు చెప్పారు.

ఆ షాపు పెట్టిన యూకి ఓనిషి గురించి తర్వాత చదివాను. తండ్రిది రామెన్ షాపే. కొడుకు కొన్నాళ్లు ఆ పని నేర్చుకుని, బట్టల వ్యాపార రంగంలో ఉద్యోగానికి వెళ్లి, మళ్లీ రామెన్‌కే వచ్చాడు. 2012లో త్సుతా తెరిచాడు. నాలుగేళ్లు నిండకుండానే స్టార్. 43 ఏళ్లకే, 2022లో చనిపోయాడు. ‘నాన్న చేసిన పని నేను చెయ్యను’ అనే మాట మన కాలేజీల్లో రోజూ వింటుంటాం. ఆయన కూడా అలాగే అనుకుని బయటికి వెళ్లాడో ఏమో. తిరిగొచ్చి మాత్రం అదే పనిని ఎవరూ చూడనంత ఎత్తుకు తీసుకెళ్లాడు.

రెండోది ఒత్సుకాలోని ‘నకిర్యూ’. దీనికీ మిషెలిన్ స్టార్ వచ్చింది. నువ్వులు, మిరప నూనె కలిసిన తన్‌తన్‌మెన్ ఇక్కడ ప్రసిద్ధి. మన నాలుకకు త్సుతా కన్నా ఇదే దగ్గర. నాతో వచ్చిన గుంటూరు మిత్రుడు పచ్చిమిరపకాయ ఉందా అని అడగబోతే మోకాలితో తన్ని ఆపాను. ఇలాంటి చోట్ల అది తీసెయ్యండి, ఇది కలపండి అంటే నడవదు. శాకాహారులైతే ముందే తెలుసుకుని వెళ్లాలి, ఎందుకంటే పైన కూరగాయలే కనిపించినా సూపు కోడిదో, పందిదో, చేపదో అయి ఉంటుంది. టోక్యో స్టేషన్‌ లోపల ‘టీస్ తన్‌తన్’ అనే పూర్తి వేగన్ రామెన్ షాపు ఉంది. మా ఆఫీసులో శాకాహారులకు అదే గుడి.

ఇక డబ్బు సంగతి. ఇంత పేరున్న షాపులోనూ గిన్నె ధర అప్పట్లో 1000 యెన్లకు కాస్త అటూ ఇటూ. మన లెక్కలో ఆరొందల రూపాయల చిల్లర. ‘వెయ్యి యెన్ల గోడ’ అని అక్కడ ఒక మాటుంది. రామెన్ అంటే సామాన్యుడి తిండి, వెయ్యి దాటితే జనం రారని షాపుల వాళ్ల భయం. పిండి, మాంసం, కరెంటు ధరలు పెరిగినా గోడ దూకడానికి చాలామంది జంకారు. ఈమధ్యే దూకుతున్నారు. నేను ఆ స్టార్‌ను చూసి మురిసిపోయినప్పుడు ఇది ఆలోచించలేదు. లాభం అంత సన్నగా ఉన్న వ్యాపారంలో కౌంటర్‌కు అటువైపు నిలబడేవాళ్ల రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో మీరే ఊహించండి. పొద్దున్నే సూపు పెట్టాలి, రాత్రి ఆ పెద్ద గంగాళాలు తోమాలి. మధ్యలో కూర్చోవడం ఉండదు.

అందుకే పిన్ని మాటా ఒప్పుకోను, కన్సల్టెన్సీ మాటా ఒప్పుకోను. గిన్నెలు కడగడం తక్కువ పని అనుకునేవాళ్లు ఆ కౌంటర్ ముందు ఒక్కసారి కూర్చుంటే చాలు. కానీ మా వాడికి ఒక కన్సల్టెన్సీ చూపించిన కాగితంలో పొడుగు టోపీ పెట్టుకున్న షెఫ్ ఫొటో, పక్కన జీతం అంకె, అంతే ఉన్నాయి. గంటలు లేవు, అద్దె లేదు, భాష ఊసే లేదు. పైగా సీటు ఖాయం కావాలంటే వెంటనే డబ్బు కట్టమన్నారట.

తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. జపాన్ 2019 ఏప్రిల్‌లో ‘తొకుతేయి గినో’ అనే నైపుణ్య వీసా మొదలుపెట్టింది. ఆహార సేవా రంగం అందులో ఒకటి. 2021 జనవరిలో భారత్, జపాన్ దీనిపై ఒప్పందం చేసుకున్నాయి. రావాలంటే ఆ రంగానికి సంబంధించిన పరీక్షతో పాటు జేఎల్‌పీటీ ఎన్4 గానీ, జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి. మొదటి స్థాయి వీసాకు మొత్తం అయిదేళ్ల పరిమితి ఉంది, భార్యాపిల్లల్ని తీసుకెళ్లడానికి లేదు. అదే పని చేసే జపనీయుడికి ఇచ్చే జీతం కన్నా తక్కువ ఇవ్వకూడదని నిబంధన. ఒక్కో రంగంలో ఎంతమందిని తీసుకోవాలో ప్రభుత్వం పరిమితి పెడుతుంది కాబట్టి, ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారా లేదా అన్నది అధికారిక సైట్‌లో చూశాకే ఎవరికైనా రూపాయి కట్టండి. చదువుకోవడానికి వెళ్లి పార్ట్‌టైమ్‌గా చేద్దామనుకునేవాళ్లకు వారానికి 28 గంటలే అనుమతి. కాలేజీ ఫీజు అందులోంచే కట్టేస్తామనే లెక్కలు వేసుకోకండి.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయమని మా వాడికి చెప్పాను. టోక్యో దాకా వెళ్లి కౌంటర్ ముందు కూర్చోలేవు కదా, మీ ఊళ్లోనే పొద్దున ఏడింటికి జనం తోసుకునే టిఫిన్ సెంటర్‌కు వెళ్లు. ముందు ఇటువైపు కూర్చుని తిను, పెనం దగ్గర మనిషినే చూడు. మర్నాడు యజమానిని అడిగి అటువైపు పదిహేను రోజులు నిలబడు. కాళ్లు ఒప్పుకుంటాయో లేదో, మనసు ఒప్పుకుంటుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. చదువుకున్నవాడు టిఫిన్ సెంటర్‌లోనా అని సిగ్గేస్తే, జపాన్‌లో ఆ సిగ్గు పోతుందనుకోవద్దు. ఫొటోలో కనిపించదు, అంతే.

నరసరావుపేటలో వాడు పదకొండు రోజులు చేశాడు. పన్నెండో రోజు జ్వరం. తగ్గాక మళ్లీ వెళ్లాడు, మిగతా నాలుగు రోజులూ పూర్తిచేశాడు. పిన్ని నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. వాడు డిసెంబరులో ఎన్4 రాస్తున్నాడు. మొన్న రాత్రి పదింటికి ఫోన్ చేసి, ‘అన్నయ్యా, నీళ్లు దులిపే బుట్ట అన్నావే, పొడుగు పిడి ఉంటదని, దాన్ని ‘తెబో’ అంటారంట. నాలుగేళ్లున్నావు, నీకు తెలీదా?’ అన్నాడు.

నాకు నిజంగానే తెలీదు.