డీజే మోతలో మన ఓటు

ఏటా వానలు తగ్గుముఖం పట్టేసరికి పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘం ఎన్నికల తిరనాళ్ళ మొదలవుతుంది. తిరనాళ్ళ అనే అంటున్నాం, ఎన్నికలు అనబుద్ధి కావటం లేదు. పగలు క్లాసు గదుల ముందు కరపత్రం, రాత్రి డీజే. పగలు చేతులు జోడించటం, రాత్రి బిర్యానీ పొట్లం, దాని వెనకాలే సీసా. ఢిల్లీ యూనివర్సిటీలో అయితే ఈ వ్యవహారం దాచిపెట్టేది కూడా కాదు. కార్ల బారులు, అభ్యర్థి పేరు అచ్చేసిన కాగితాలు రోడ్డంతా వెదజల్లటం, మొదటి ఏడు పిల్లల్ని బస్సులెక్కించి నీళ్ళ పార్కులకూ సినిమాలకూ తిప్పటం, రాత్రిళ్ళు పార్టీలు. ఓటు వేసేది నిన్న మొన్న మీసం మొలిచిన పిల్లలు. పంచేది మాత్రం ఊళ్ళో సర్పంచ్ ఎన్నికల్లో పంచేదే. పేదోడు ఓటుకు నోటు తీసుకుంటే ఛీ అనే పెద్దమనుషులు ఇక్కడ మాత్రం 'కుర్రాళ్ళు కదా, సరదా' అంటున్నారు. మనం తీసుకుంటే అమ్ముడుపోవటం, వాళ్ళు పంచితే సరదా!

ఇదంతా మనకెందుకు అని వాడలో అన్నలూ అక్కలూ అడగొచ్చు. అడగాలి కూడా. మా నాన్నల కాలంలో అడిగే అవసరం లేకపోయింది, అక్కడ మనోళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. ఇప్పుడలా కాదు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో నీళ్ళ పప్పు తిని పదో తరగతి గట్టెక్కి, గురుకులంలో ఇంటర్ చదివి, ఎంట్రన్సు రాసి హైదరాబాదుకీ ఢిల్లీకీ పోయిన పిల్లలున్నారు. మిరపకాయ కోతలకు పోయిన తల్లి కూలి డబ్బులు పంపిస్తే మెస్ బిల్లు కట్టుకునే పిల్లలున్నారు. మా ఇంట్లో డిగ్రీ కాగితం తెచ్చుకున్న మొదటి వాళ్ళం మేమే కాబట్టి ఆ పిల్లలకు అక్కడ ఏం కావాలో మాకు కొంచెం తెలుసు. ఫెలోషిప్పు నెలనెలా పడాలి. హాస్టల్లో సీటు కావాలి. గైడు కులం చూడకుండా చదువు చెప్పాలి. ప్రభుత్వం ఫీజు డబ్బులు కట్టలేదని కాలేజీ వాళ్ళు పిల్లల సర్టిఫికెట్లు పట్టుకు కూర్చోగూడదు. ఇంగ్లీషు రాదని పక్క బెంచీ వాడు నవ్వగూడదు. ఈ మాటలు వైస్ ఛాన్సలర్ ముందు కూర్చుని అందరి తరఫునా చెప్పే హక్కున్న కుర్చీ ఒకటుంది, అది విద్యార్థి సంఘం కుర్చీ. దాన్ని డీజేకి వదిలేస్తే నష్టపోయేది ఎవరు? తండ్రి ఫోను చేస్తే రిజిస్ట్రారు లేచి నిలబడే ఇంటి పిల్లలకు సంఘం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మా బడిలో చదువుకున్న పిల్లవాడొకడు ఒక పెద్ద యూనివర్సిటీలో పీజీ చేస్తన్నాడు. ఎన్నికల వారంలో రాత్రి పన్నెండు దాటాక ఫోను చేశాడు. 'మాస్టారూ, పై అంతస్తులో పాటలు పెట్టారు, నెట్ పరీక్ష దగ్గరకొచ్చింది, లైబ్రరీకి పోదామంటే అక్కడా ఊరేగింపే' అన్నాడు. అది చిన్న బాధ. అసలు బాధ తర్వాత చెప్పాడు. ఒక అభ్యర్థి మనుషులు నలుగురు రూముకొచ్చారంట. పేరడిగారు, ఊరడిగారు, ఇంటిపేరడిగారు. ఇంటిపేరుతో తేలకపోయేసరికి 'ఇంతకుముందు ఏ హాస్టల్లో ఉన్నావ్ తమ్ముడూ' అన్నారు. సంక్షేమ హాస్టల్ అనగానే చేతిలో కాగితం మీద ఏదో గుర్తు పెట్టుకున్నారు. 'రేపు రాత్రి దాబాలో పార్టీ, బండి పంపిస్తాం' అన్నారు. వీడు స్కాలర్‌షిప్పు సంగతి ఎత్తాడు. 'అది గవర్నమెంటు చూసుకునేది, మన చేతుల్లో ఏముంది, ముందు నువ్వు పార్టీకి రా' అని తలుపు దాటారు.

ఆ గుర్తు ఏమిటో మనకు తెలియదా? ఊళ్ళో ఓటరు లిస్టు ముందేసుకుని మాలపల్లెలో ఇన్ని, మాదిగపల్లెలో ఇన్ని అని పెన్సిలుతో లెక్క రాసుకునే వాళ్ళ కొడుకులే అక్కడ రూము రూముకీ తిరుగుతున్నారు. తండ్రి దగ్గర నేర్చిన విద్య. ఇక 'మన చేతుల్లో ఏముంది' అన్న మాట. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఎస్సీ పిల్లల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులో 60 పాళ్ళు తనది, 40 పాళ్ళు రాష్ట్రానిది అని తేల్చి చెప్పింది. ఆ లెక్క తెలిసినవాడు ఇద్దరినీ నిలదీస్తాడు, ఎవరి వాటా ఎక్కడ ఆగిందో కాగితం పెట్టి అడుగుతాడు. తెలియనివాడు దాబాకి బండి పంపిస్తాడు.

సరదాకు మేం అడ్డం అని ఎవరూ అనుకోవద్దు. పగలంతా ఆసామి పొలంలో నడుం వంచిన మనిషికి మిగిలింది రాత్రే. మన డప్పు రాత్రే మోగింది, వీధి భాగోతం రాత్రే ఆడింది. జ్యోతిబా ఫూలే, సావిత్రిబాయి దంపతులు 1855లో కూలీనాలీ జనం కోసం పెట్టింది రాత్రి బడి. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వాడల్లో మీటింగులు జరిగింది పనులు ముగించుకుని వచ్చాక, దీపాలు పెట్టాకే. రాత్రంటే మనకు భయం లేదు, చిన్నచూపూ లేదు.

కానీ క్యాంపస్‌లో అన్ని రాత్రులకూ ఒకటే న్యాయం లేదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో మన పిల్లలు పెద్దకూర పండుగ పెట్టుకున్నారు. తాగి తందనాలాడలేదు. మా అమ్మ వండే కూర మేం అందరి ముందూ తింటాం అన్నారు, అంతే. రాళ్ళు పడ్డాయి, పోలీసులొచ్చారు. డీజే పెట్టిన రాత్రి ఎవరైనా రాయి వేశారా? ఇంకో రాత్రి సంగతి. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ నుంచి గెంటేస్తే, వాళ్ళు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర 'వెలివాడ' కట్టుకుని చలిలో పడుకున్నారు. ఆ శిక్షలో ఏమేం ఉన్నాయో చాలామంది మర్చిపోయారు. హాస్టల్లోకి రాగూడదు, పరిపాలనా భవనంలోకి రాగూడదు, అందరూ మసలే చోట్ల గుంపుగా కనపడగూడదు, విద్యార్థి సంఘం ఎన్నికల్లో పాల్గొనగూడదు. ఆ నెల 17న వేముల రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్పు, 1,75,000 రూపాయలు, రావలసి ఉంది.

ఆ ఆఖరి షరతు చూడండి. మంచినీళ్ళ బావి దగ్గరకు రాగూడదన్నట్టు ఎన్నికల దగ్గరకు రాగూడదన్నారు. ఆ ఓటు విలువ వెలివేసినోడికి బాగా తెలుసు. బిర్యానీ పొట్లం అందుకున్న మనోడికే ఇంకా తెలియలేదు.

డబ్బు అదుపు చేయటానికి నిబంధనలు లేకపోలేదు. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో అధ్యక్షతన వేసిన కమిటీ 2006లో సిఫారసులు ఇచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో సుప్రీంకోర్టు వాటిని అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటగూడదు. అచ్చేసిన పోస్టరు పనికిరాదు, చేత్తో రాసిందే అంటించాలి. మైకులు, వాహనాలు ప్రచారానికి వాడగూడదు. వింటానికి ఎంత బాగుంది! కార్ల బారుకి పెట్రోలు కూడా చాలని డబ్బు అది. ఖర్చు లెక్క కాగితం మీద 5,000 లోపే ఉంటుంది, రోడ్డు మీద ఎంతుందో అందరికీ కనపడుతూనే ఉంటుంది.

ఆ సిఫారసుల్లోనే ఇంకో సగం ఉంది. నిలబడేవాడికి 75 శాతం హాజరు ఉండాలి. పరీక్ష తప్పి ఉండగూడదు. డిగ్రీ వాళ్ళకు 22, పీజీ వాళ్ళకు 25, పరిశోధకులకు 28 ఏళ్ళు దాటగూడదు. యూనివర్సిటీ క్రమశిక్షణ చర్యకు గురై ఉండగూడదు. ఇవి మాత్రం నామినేషను బల్ల దగ్గర గీత గీసినట్టు అమలవుతాయి. అమలయ్యేది ఎవరిమీద? ఇంటర్ అయ్యాక రెండేళ్ళు తాపీపనికి పోయి, చెల్లెలి పెళ్ళి అప్పు తీర్చి మళ్ళీ చదువుకొచ్చినవాడికి పీహెచ్‌డీలో చేరేటప్పటికే ఇరవై ఏడు వస్తాయి. ఇంగ్లీషు మీడియంలో మొదటిసారి పడ్డవాడికి మొదటి ఏడు ఒక పేపరు పోతుంది. మెస్‌లో అన్యాయం అడిగినవాడికి క్రమశిక్షణ చర్య వస్తుంది. 2002 జనవరిలో అదే సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ మెస్ వ్యవహారం మీద మొదలైన గొడవలో పదిమంది దళిత విద్యార్థుల్ని యూనివర్సిటీ నుంచే తీసేశారు. అడిగితే తీసేస్తారు, తీసేస్తే నిలబడగూడదు. మన మెడకు సరిగ్గా కొలత తీసి కుట్టిన చొక్కా!

మొన్నటి ముచ్చటా ఇలాగే ఉంది. 2024 సెప్టెంబరులో ఢిల్లీ యూనివర్సిటీ ఎన్నికల్లో ఊరంతా పోస్టర్లతో, రాతలతో పాడుచేశారని అక్కడి హైకోర్టు ఓట్ల లెక్కింపే ఆపేసింది. గోడలు శుభ్రం చేసేదాకా ఆగి నవంబరు ఆఖర్లో లెక్కపెట్టారు. కోర్టు కోపంలో న్యాయం ఉంది. కానీ 2025లో యూనివర్సిటీ వాళ్ళు ఏం చేశారు? అభ్యర్థులు లక్ష రూపాయలకు పూచీకత్తు బాండు రాసివ్వాలన్నారు. గోడ పాడుచేసేవాడికి లక్ష ఒక రాత్రి ఖర్చు. కూలోడి కొడుకు లక్షకు పూచీ ఎవర్ని తెస్తాడు? వాళ్ళ నాన్నను చూసి గ్రామీణ బ్యాంకు మేనేజరు పాతికవేలు కూడా ఇవ్వడు. ఆగడం చేసింది ఒకడు, కట్టు పడింది ఇంకొకడి కాళ్ళకు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ప్రచారమంతా రాత్రికి మార్చేస్తే చాలాచోట్ల సగం ఓటర్లు గేటు లోపలే ఉండిపోతారు. అబ్బాయిల హాస్టల్లో రెండింటిదాకా మీటింగు, అమ్మాయిల హాస్టలుకు పొద్దుగూకగానే తాళం. 2015లో ఢిల్లీలో ఆడపిల్లలు 'పింజ్రా తోడ్' అని, పంజరం బద్దలు కొట్టండి అని రోడ్డెక్కింది ఇలాంటి తాళాల మీదే. ఎవరు నిలబడాలి, ఎవరితో పొత్తు అనేది దాబాలో సీసాల మధ్య తేలితే అక్కడికి మన పిల్ల పోగలదా? పోతే ఏమంటారు? పోకపోతే 'ఆడవాళ్ళు ముందుకు రారు' అంటారు. వాళ్ళ పేరు జాయింట్ సెక్రటరీ దగ్గర రాసి చేతులు దులుపుకుంటారు. మనోళ్ళూ దీనికి మినహాయింపు కాదు.

ఇంత చదివాక 'అయితే ఈ ఎన్నికలే వద్దు, ఎత్తేయండి' అని అనబోయే సోదరులకు ఒక మాట. మన తెలుగు నేలమీద ఆ మందు ఎప్పుడో వేశారు. 1972లో ఉస్మానియాలో జార్జిరెడ్డి హత్య మొదలుకొని క్యాంపస్ గొడవలన్నీ ఏకరువు పెట్టి 1980ల చివర ప్రభుత్వం విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేసింది. మేం డిగ్రీలో చేరేటప్పటికే అది పాత కథ. మా కాలేజీలో ఎన్నిక లేదు గానీ నాయకులకు కరువు లేదు. ఎమ్మెల్యే బావమరిది చెప్పినవాడు నాయకుడు, బండి మీద జెండా ఉన్నవాడు నాయకుడు. హాస్టల్ బియ్యంలో పురుగులున్నాయని చెప్పుకోవాలంటే వాడి గుమ్మం ముందు నిలబడాలి. ఎన్నిక లేనిచోట నాయకుడు పార్టీ ఆఫీసులో పుడతాడు. అక్కడ మనకు ఒక్క ఓటు కూడా లేదు. కంపు కొట్టే ఎన్నికనైనా కడుక్కోవచ్చు. లేని ఎన్నికను ఏం కడుగుతాం?

మాకు ఎక్కువ కోపం తెప్పించేది మాత్రం మన సంఘాల పిల్లలే. 'వాళ్ళు పెడుతున్నారు మాస్టారూ, మేం పెట్టకపోతే మనోళ్ళే రారు' అంటారు. ఆ డబ్బు ఎక్కడిదిరా అంటే నీళ్ళు నములుతారు. టీచర్లూ ఆటోవాళ్ళూ ఇచ్చే వంద, రెండొందల చందాతో డీజే రాదు. కాంట్రాక్టరు ఇవ్వాలి, లేదా మన కులంలోనే పైకొచ్చి పార్టీ టికెట్టు కోసం చూసే పెద్దమనిషి ఇవ్వాలి. ఇచ్చినోడు ఊరికే ఇస్తాడా? 1993లో సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ మొదలైనప్పుడు దాని వెనక ఏ పెద్ద పార్టీ లేదు. చెప్పటానికి మాట ఉంది కాబట్టి పిల్లలు వచ్చారు. ఇప్పుడు మాట తగ్గింది, మోత పెరిగింది. బాబాసాహెబ్ ఫ్లెక్సీ కింద సీసా మూత తీసే తమ్ముళ్ళను చూస్తున్నాం. తాగటం నీ ఇష్టం. ఆ ఫ్లెక్సీ కింద తాగే హక్కు నీకెవరిచ్చారు?

మా మాట ఇది. క్యాంపస్‌లో మన పేరు పెట్టుకున్న ఏ సంఘమైనా నామినేషను వేసే ముందు చందా ఎవరిచ్చారో, ఎంత ఖర్చయిందో రోజువారీ రాసి హాస్టల్ నోటీసు బోర్డుకు అంటించాలి. పొత్తు మాటలు రాత్రి దాబాలో వద్దు, సాయంత్రం ఆరింటికి ఆడపిల్లలు కూడా కూర్చునే చోట పెట్టుకోవాలి. పది దాటాక రూము తలుపు కొట్టగూడదు, లోపల పిల్లలు చదువుకుంటున్నారు. గెలిచినవాడు మొదటి నెలలోనే ఎంతమందికి ఫెలోషిప్పు ఆగిందో, ఎన్ని నెలలు ఆగిందో పేరు పేరునా లిస్టు రాసి తేవాలి. వయసు, హాజరు, బాండు షరతుల మీద కోర్టుకు పోవాల్సి వస్తే మన వకీళ్ళు ఉన్నారు. అడగండి, వాళ్ళను కూడా కాస్త పని చేయనీయండి.

ఊళ్ళల్లో ఉన్న కార్యకర్తలకూ పని ఉంది. పిల్లలు సంక్రాంతికి ఇళ్ళకొస్తారు. మేం మా మండలంలో యూనివర్సిటీల్లో చదివే పిల్లలందర్నీ పండగ మర్నాడు పొద్దున కమ్యూనిటీ హాల్లో కూర్చోబెడుతున్నాం, తల్లిదండ్రుల ముందే. ఎవరికి ఓటేశావ్, వాడు నీ స్కాలర్‌షిప్పు గురించి ఏమన్నాడు, ఎవరి బిర్యానీ తిన్నావ్ అని వాళ్ళమ్మే అడుగుతుంది. ఎవరి మండలంలో వాళ్ళు ఇలా కూర్చోబెట్టండి. పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాసి పత్రికకు పంపండి, పేర్లు వేయకుండా అచ్చేద్దాం.