టి అని పెట్టేస్తే జెనెరిక్ అయిపోతుందా?

జావాలో జెనెరిక్స్ వచ్చింది 2004లో, ఐదో వెర్షన్‌తో. అంతకు ముందు లిస్టులో ఏది పడితే అది వేసెయ్యడం, తీసేటప్పుడు కాస్ట్ చేసుకోవడం, అది తప్పితే ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ కూలబడటం, ఇదీ వరస. ఆ బాధ తీరింది, సంతోషం. కానీ మనవాళ్ళకి ఇంకో జబ్బు పట్టుకుంది. క్లాసు పేరు పక్కన యాంగిల్ బ్రాకెట్లలో టి అని పెట్టేస్తే చాలు, అది ఎక్కడైనా పనికొచ్చేస్తుందనుకోవడం. కోడ్ రివ్యూల్లో చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

నన్నడిగితే టి పెట్టడం అసలు పనే కాదు. వచ్చే ఆ టి దగ్గర్నుంచి మన డేటా స్ట్రక్చర్ ఏం కోరుకుంటోందో తేల్చుకోవడమే పని. దాచిపెట్టి అడిగినప్పుడు ఇవ్వడానికి లిస్టుకి పెద్దగా ఏమీ అక్కర్లేదు. హాష్‌సెట్‌కి "ఈ రెండూ ఒకటేనా" అన్నది తెలియాలి, ఒకటే అయితే రెండిటికీ ఒకే హాష్ రావాలి. ట్రీసెట్‌కి ఏది ముందో ఏది వెనకో తెలియాలి.

నమ్మకం కుదరకపోతే ఓ చిన్న ప్రయోగం చేసి చూడండి. స్ట్రింగుల నుంచి 1.0, 1.00 అని రెండు బిగ్‌డెసిమల్స్ తయారు చేసి హాష్‌సెట్‌లో వెయ్యండి. రెండూ ఉంటాయి. అవే ట్రీసెట్‌లో వెయ్యండి. ఒకటే మిగులుతుంది! ఎందుకంటే ఈక్వల్స్ దశాంశ స్థానాలు ఎన్నున్నాయో కూడా చూస్తుంది, కంపేర్‌టు విలువ మాత్రమే చూస్తుంది. రెండూ సెట్లే, కంపైలర్ నోరెత్తదు. డబ్బు లెక్కలు వేసే ప్రోగ్రాంలో ఎవరో "వరసలో వస్తాయి కదా" అని హాష్‌సెట్ తీసి ట్రీసెట్ పెట్టారనుకోండి, ఇక చూస్కోండి తమాషా. (జావా డాక్యుమెంటేషన్లో ఈ సంగతి రాసే ఉంది. చదివేదెవరు?)

అందుకే రివ్యూకి ఎవరైనా జెనెరిక్ క్లాసు తెస్తే నేనడిగేది ఒకటే. దీన్ని నిజంగా వాడుతున్న రెండు టైపులు చూపించు బాబూ అని. ఒక్కటే ఉంటే టి తీసెయ్యమంటాను. రెండుంటే, రెండిటి దగ్గరా ఏం అడుగుతున్నామో అప్పుడే బయటపడుతుంది.

గో భాష 2009లో బయటికొచ్చింది, జెనెరిక్స్ మాత్రం 2022లో గానీ రాలేదు. పన్నెండేళ్ళ పైనే! ఆ ఆలస్యానికి జనం బాగానే తిట్టుకున్నారు. కానీ ఇచ్చినప్పుడు టి పక్కన షరతు రాయడం తప్పనిసరి చేశారు. ఏదైనా పర్లేదంటే "ఎనీ" అని, పోల్చగలిగేదే కావాలంటే "కంపేరబుల్" అని, ఏదో ఒకటి రాసి తీరాలి. నాకు నచ్చింది అదే, రాసేవాడు ఒక్క క్షణమైనా ఆగి ఆలోచిస్తాడు.

అలాగని అక్కడ అంతా సుఖమేమీ కాదు లెండి. ఫ్లోట్లు కంపేరబులే. కానీ సున్నాని సున్నాతో భాగిస్తే వచ్చే "నాన్" తనకి తనే సమానం కాదు. దాన్ని మ్యాప్‌లో కీగా వేసి చూడండి. వెతికితే దొరకదు, మళ్ళీ వేస్తే ఇంకోటి చేరుతుంది, డిలీట్ అంటే పోదు.