డ్రైవరు గంటల లెక్క: పుస్తకం మారితే చాలదు

లారీ డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో, ఎన్ని గంటలు విశ్రమించాడో కాగితంపై రాయించాలా, యంత్రానికి అప్పగించాలా అన్న చర్చ రవాణా వర్గాలకే పరిమితమని గుంటూరు, ప్రకాశం ప్రాంతాల వర్తకులు భావించరాదు. టిక్కీకి పడే కిరాయి, బేలు మిల్లుకు చేరే రోజు, రెండూ ఈ లెక్కతో ముడిపడి ఉన్నవి.

చట్టం కొత్తది కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనిని నిర్ణయించింది. దూరప్రయాణాలకు అనుమతితో 10 గంటలు, వారానికి 54 గంటల వరకు వీలిచ్చింది. 5 గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి ఉండాలని, విశ్రాంతితో కలిపి మొత్తం 12 గంటలు మించరాదని చెప్పింది. ఈ చట్టాన్ని 2020 నాటి వృత్తిభద్రత, ఆరోగ్య స్మృతిలో కలిపారు. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. పాత చట్టం ఐదుగురు కార్మికులున్న సంస్థలకు వర్తించగా, స్మృతిలో ఆ హద్దు పది మంది. ఒకటి రెండు లారీల యజమాని వద్ద పుస్తకం అడిగే నాథుడు కరువే.

కాగితం పుస్తకానికి ఖర్చు లేదు, చిన్న యజమానికి సులువు. అయితే వారం రోజుల గంటలను ఒకే కలంతో, ఒకే కూర్చున్నపాటున పూరించవచ్చు. అందుచేత యంత్రమే మేలన్న వాదం బలపడుతున్నది. విమాన పైలట్ల మాదిరి లారీ డ్రైవర్లకూ గంటలు నిర్ణయించాలని, కునుకును పసిగట్టే పరికరాలు అమర్చాలని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2021 సెప్టెంబరులో అన్నారు.

నిజానికి లారీ కదలికల లెక్క ఇప్పటికే చాలావరకు యంత్రాల వద్ద ఉన్నది. జాతీయ రహదారుల టోల్ గేట్ల వద్ద 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయినది. చెన్నై వెళ్ళే లారీ బొల్లాపల్లి గేటు ఎప్పుడు దాటింది, టంగుటూరు గేటు ఎప్పుడు దాటింది నిమిషాలతో సహా నమోదవుతున్నది. కాని గేటు లారీని గుర్తిస్తుంది, డ్రైవరును గుర్తించదు. లారీ ఆగితే డ్రైవరు పడుకున్నాడా, లోడింగు వరుసలో కాచుకున్నాడా అన్నది దానికి తెలియదు.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. టెర్మినల్ వద్ద ఊరక కాచుకునే వేళలో 15 నిమిషాల లోపు దానిని పనిగంటలలో చేర్చుతూ పాత చట్టం రాసింది. స్మృతిలోనూ ఆ సూత్రమే కొనసాగింది. యార్డులో, కోల్డ్ స్టోరేజి ముందు, జిన్నింగు మిల్లు గేటు వద్ద గడిచే గంటలు 15 నిమిషాలతో తీరేవి కావు. ఉదాహరణకు మధ్యాహ్నం 12 గంటలకు వచ్చిన లారీకి సాయంత్రం 6 గంటలకు లోడు పూర్తయిందనుకుందాం. చెన్నై సుమారు 400 కి.మీ. గంటకు 40 కి.మీ. చొప్పున 10 గంటలు, అరగంట విశ్రాంతి కలిపితే తెల్లవారుజాము 4.30 అవుతుంది. నడిపినవి 10 గంటలే. మెలకువగా ఉన్నవి పదహారున్నర గంటలు. పుస్తకం కాగితమైనా, యంత్రమైనా, కాచుకున్న వేళను విశ్రాంతి కింద రాస్తే రెండూ ఒకే అబద్ధం చెబుతాయి.

అమెరికా అనుభవం గమనార్హం. అక్కడ 10 గంటల విశ్రాంతి తర్వాత 14 గంటల వ్యవధిలో 11 గంటలే నడపాలి. 2017 డిసెంబరు 18 నుంచి ఎలక్ట్రానిక్ పుస్తకం విధి అయినది. పనివేళల ఉల్లంఘనలు తగ్గినవి గాని, ప్రమాదాలు తగ్గిన దాఖలా పరిశోధకులకు కానరాలేదు. పైపెచ్చు చిన్న సంస్థల డ్రైవర్లపై అతివేగం కేసులు పెరిగినవి. గడియారం ఆగదు గనుక, సరుకు ఎత్తేచోట పోయిన గంటలను రోడ్డుపై రాబట్టుకోవాలన్న ఒత్తిడి డ్రైవరుపై పడుతుంది.

కనుక యంత్రం రావలసిందే గాని, యార్డు గంటలను కూడా అది లెక్కించాలి. ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వుల కోసం ఎదురుచూడనవసరం లేదు. లారీ లోపలికి వచ్చిన వేళ, లోడు పూర్తయిన వేళ లారీ రసీదుపై రాసి ఇరుపక్షాలు సంతకం చేయవచ్చు. నిర్ణీత గంటలు దాటితే హాల్టింగ్ చార్జీ చెల్లించి, అందులో డ్రైవరు వాటాను అతని చేతికే ఇవ్వవచ్చు. యంత్రం లెక్క ప్రతి ఒకటి యజమానితోపాటు డ్రైవరు వద్దా ఉండాలి. లేకుంటే ప్రమాదం జరిగిన నాడు ఆ లెక్క అతనిపై సాక్ష్యంగా మాత్రమే పనికివస్తుంది.

ఖర్చు భయం కూడా అంత పెద్దది కాదు. 40 కిలోల టిక్కీలు 250 ఎక్కిన లారీకి వెయ్యి రూపాయల హాల్టింగ్ పడినా టిక్కీకి 4 రూపాయలు, కిలోకు 10 పైసలు. గడువు సంగతి చూసినా, 2021 జనవరి నుంచి ఈ-వే బిల్లు ప్రతి 200 కి.మీ.కు ఒక రోజు చొప్పున ఇస్తున్నది. 400 కి.మీ.కు రెండు రోజులు. సర్కారే రెండు రోజులు ఇస్తుండగా, మరునాటి తెల్లవారేసరికే సరుకు దిగాలనే పట్టు వ్యాపారులది. అంత తొందర ఉన్న సరుకుకు రెండో డ్రైవరు కిరాయి కలిపి ధర కట్టడమే న్యాయం.

తూకంలో కిలో తేడా వస్తే కాటా వద్ద ఒప్పుకోని మార్కెట్టు ఇది. లారీ తమ గేటు వద్ద నిలిచిన గంటలకూ అదే పట్టింపు చూపవలసి ఉన్నది.