పాత సిస్టమ్‌ లేవనంటోందా?

ఫోన్‌ ఆన్‌ కాకపోతే మనం చేసేవి రెండే. పవర్‌ బటన్‌ కాసేపు నొక్కిపట్టడం, లేదంటే సర్వీస్‌ సెంటర్‌కి పరుగెత్తడం. లోపల ఏముందో చూద్దామన్నా వీలుండదు, అంతా జిగురేసి మూసేస్తారు. పాత డెస్క్‌టాప్‌ అలా కాదు. రెండు మూడు స్క్రూలు విప్పితే పొట్ట మొత్తం కనబడుతుంది, ఏ భాగానికాభాగం ఊడొస్తుంది. అందుకే ఎవరైనా చూడగానే ‘పోయింది’ అంటే నేను తొందరగా నమ్మను.

తెనాలిలో మా బాబాయ్‌ది చిన్న డీటీపీ సెంటర్‌. మొన్న శ్రావణమాసం పెళ్లిళ్ల ముందు ఫోన్‌ చేశాడు. “ఒరేయ్‌, సిస్టమ్‌ లేవట్లేదురా. షాపతన్ని పిలిస్తే మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమన్నాడు.” కొత్తది కొంటే తీరే బాధ కాదది. ఎక్స్‌పీ మీద పాత పేజ్‌మేకర్‌, అను ఫాంట్లు. ఏళ్ల తరబడి చేసిన శుభలేఖలన్నీ అందులోనే. ఆ ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్‌ కాదు కాబట్టి, అవి లేని సిస్టమ్‌లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గీతలే. చేతిలో ఆరు పెళ్లిళ్ల ఆర్డర్లున్నాయి. ఆదివారం పొద్దున్నే రైలెక్కాను.

‘లేవట్లేదు’ అంటే ఎక్కడ ఆగిందో ముందు చూడాలి. బటన్‌ నొక్కితే ఫ్యాను కూడా తిరగట్లేదంటే గొడవ కరెంటు దగ్గర. ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్‌ బాక్సు, వెనక ఉండే చిన్న స్విచ్చు, చివరికి ఎస్‌ఎంపీఎస్‌. (దీన్ని మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్‌ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. అనుమానముంటే ఇంకొకటి పెట్టి చూడటమే.) కంపెనీ లోగో వచ్చి ఆగితే హార్డ్‌డిస్కో, విండోసో, బయోస్‌ సెట్టింగ్సో.

బాబాయ్‌ది ఈ రెండింటికీ మధ్యలో ఉంది. ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి, స్క్రీన్‌ మాత్రం నల్లగా ఉంది. మానిటర్‌ని నా ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే బాగానే పనిచేసింది. ప్లగ్గు తీసి డబ్బా తెరిచాను. దీన్నే అందరూ సీపీయూ అంటారు గానీ, అసలు సీపీయూ లోపల ఫ్యాను కింద అగ్గిపెట్టె కంటే చిన్నగా ఉంటుంది. ఎంత దుమ్మో చెప్పలేను, మూలన రెండు బల్లి గుడ్లు కూడా! ముందు కెపాసిటర్లు చూశాను. మదర్‌బోర్డు మీద నిలబెట్టిన బుల్లి డబ్బాల్లా ఉంటాయి, తలలు చదునుగా ఉండాలి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు నాసిరకం కెపాసిటర్లు చాలా బోర్డుల్లోకి వచ్చి, ఉబ్బి కారిపోయాయి. ఇక్కడ ఒక్కటీ ఉబ్బలేదు.

తర్వాత ర్యామ్‌లు రెండూ పీకేసి, అవి లేకుండానే ఆన్‌ చేశాను. బీప్‌... బీప్‌... “అయ్యో, అరుస్తోందేంట్రా!” అన్నాడు బాబాయ్‌. అరవాలనే కదా నా కోరిక! ర్యామ్‌ లేదని మొరపెట్టుకుంటోందంటే ప్రాసెసర్‌, మదర్‌బోర్డు బతికున్నట్టే. (లోపల బుల్లి స్పీకరున్న బోర్డయితేనే ఇది వినిపిస్తుంది.) మళ్లీ ప్లగ్గు తీసి, ర్యామ్‌ అంచున ఉండే బంగారు రంగు గీతల్ని పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఒక్కటే పెట్టి చూశాను. స్క్రీన్‌ వెలిగింది. రెండోది కూడా పెడితే ఒప్పుకుంది. వానాకాలం తేమకీ దుమ్ముకీ ఆ గీతల మీద పొర పట్టేస్తుంది, అంతే.

అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చింది. తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తూ ‘సీమాస్‌ చెక్‌సమ్‌ ఎర్రర్‌’ అంది. ఎఫ్‌1 నొక్కితే నీలం తెర, చివర 7బీ అనే నంబరు. చాలామంది ఇక్కడే విండోస్‌ పోయిందనుకుని ఫార్మాట్‌ కొట్టేస్తారు. బాబాయ్‌ ఫైళ్లన్నీ సీ డ్రైవ్‌లోనే, డెస్క్‌టాప్‌ మీదే ఉన్నాయి. కొడితే అన్నీ గోవిందా. నిజానికి విండోస్‌కి ఏమీ కాలేదు. బోర్డు మీద రూపాయి బిళ్లంత 3 వోల్టుల సెల్లు ఉంటుంది, సీఆర్‌2032. ప్లగ్గు తీసినా తేదీనీ బయోస్‌ సెట్టింగ్స్‌నీ కాపాడేది అదే. అది అయిపోయేసరికి సెట్టింగ్స్‌ మొదటికొచ్చి, హార్డ్‌డిస్క్‌ మోడ్‌ ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారింది. దానికి తగిన డ్రైవర్‌ ఎక్స్‌పీలో లేదు. వాచీల కొట్లో సెల్లు తెచ్చి వేసి, బయోస్‌లో మళ్లీ ఐడీఈ పెట్టాను. పేజ్‌మేకర్‌ తెరుచుకునేసరికి మధ్యాహ్నం రెండున్నర. పిన్ని అప్పటికి మూడుసార్లు అన్నానికి పిలిచింది.

తినే ముందే ఫైళ్లనీ, ఫాంట్లనీ రెండు చోట్లకి కాపీ పెట్టాను. ఒకవేళ బోర్డు నిజంగా పోయినా హార్డ్‌డిస్క్‌ బాగుంటే ఫైళ్లు ఉన్నట్టే. సాటా-యూఎస్‌బీ అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించుకోవచ్చు. డెస్క్‌టాప్‌ డిస్క్‌కి 12 వోల్టులు కావాలి, కాబట్టి విడిగా పవర్‌ ప్లగ్గు ఉన్న అడాప్టరే కొనండి. ఫోన్‌కి ఓటీజీ పెట్టి తిప్పేద్దామంటే తిరగదు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్‌ 2014 ఏప్రిల్‌ 8తోనే సపోర్ట్‌ ఆపేసింది. అలాంటి సిస్టమ్‌కి నెట్‌ కేబుల్‌ పీకేయడమే మంచిది, బాబాయ్‌ది అలాగే పీకేశాను. ఇప్పుడాయన ప్రూఫ్‌ని పీడీఎఫ్‌ చేసి, పెన్‌డ్రైవ్‌తో ఫోన్లోకి ఎక్కించి, పెళ్లివాళ్లకి వాట్సాప్‌లో పంపుతున్నాడు.