కల్లు సీసాలో నిద్రమాత్ర

2015 సెప్టెంబరులో నిజామాబాద్ జిల్లా ఆసుపత్రులకు జనం ఒకరి వెనక ఒకరు వచ్చి పడ్డారు. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది, కొందరికి ఫిట్స్. ఎదురుగా లేని మనుషులతో మాట్లాడేవాళ్లను ఇంటివాళ్లు పట్టుకుని తీసుకొచ్చారు. మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లోనూ అదే పరిస్థితి. వీళ్లెవరూ తాగి పడిపోయినవాళ్లు కాదు. తాగేది దొరక్క పడిపోయినవాళ్లు. కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు పెరిగేసరికి, కాంపౌండుకు, అంటే కల్లు దుకాణానికి, వచ్చే కల్లులో ‘మందు’ తగ్గింది.

ఆ మందు నిజంగా మందే. పేరు అల్ప్రాజోలం. గాభరాతో సతమతమయ్యేవాళ్లకు, నిద్ర పట్టనివాళ్లకు డాక్టర్లు కొద్ది రోజులకని రాసే మాత్ర. పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము, అంతే మోతాదు. తాగే నోళ్లు ఎక్కువ, గీసే చెట్లు తక్కువ. ఈ లోటును నీళ్లతో, తీపికి శాక్రిన్‌తో పూడ్చి, మత్తుకు ఈ పొడి కలుపుతారు. డైజోఫాం (డయాజెపాం), క్లోరల్ హైడ్రేట్ కూడా కలుస్తూనే ఉన్నాయి. కిలో అల్ప్రాజోలం అంటే పావు మిల్లీగ్రాము మాత్రలు 40 లక్షలు. పొడి కలిపేవాడి చేతిలో ఏ కొలత ఉంటుంది? ఒక సీసాకు ఎక్కువ పడుతుంది, ఇంకో సీసాకు తక్కువ. తాగేవాడికి తెలిసేది ఫలానా ముస్తేదారు (దుకాణం నడిపేవాడు) కల్లు ‘గట్టిగా’ ఉంటుందని మాత్రమే.

డాక్టరు అడుగుతాడు: ‘‘గోళీలు ఏమన్నా ఏస్కుంటవా?’’

‘‘లేదు సార్, కల్లే తాగుత.’’

అబద్ధం కాదు. అతనికి తెలిసిన నిజం అదే. ఒళ్లు మాత్రం ఏళ్ల తరబడి నిద్రమాత్రకు అలవాటు పడిపోయి ఉంటుంది. ఈ జాతి మందుల్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణమూ పోవచ్చు. నెమ్మదిగా, వారాల తరబడి మోతాదు తగ్గించుకుంటూ రావాలి. ఈ సంగతి తెలియని ఇంటివాళ్లు గాలి సోకిందనుకుంటారు.

మందు వేరు, మాదకద్రవ్యం వేరు అనే గీత మన బుర్రల్లో బలంగా ఉంది. అల్ప్రాజోలం ఆ గీతకు రెండు పక్కలా ఉంది. మెడికల్ షాపులో అది చీటీ మీద అమ్మాల్సిన మాత్ర. 2014 నుంచి హెచ్-1 షెడ్యూలు కింద కొన్నవారి పేరు, రాసిన డాక్టరు పేరు విడిగా రిజిస్టరులో ఎక్కించాలి. అదే పదార్థం దొంగచాటుగా 100 గ్రాములు దాటి దొరికితే, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద కనీసం పదేళ్ల జైలు.

అమెరికా కథ ఇక్కడ గుర్తుచేసుకోక తప్పదు. ఆక్సికాంటిన్ అనే నొప్పిమాత్ర 1996లో మార్కెట్లోకి వచ్చింది. అలవాటయ్యే ప్రమాదం తక్కువని నమ్మించి అమ్మినందుకు దాని తయారీదారు పర్డ్యూ అనుబంధ సంస్థ 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. పొడి చేసి పీల్చడం కష్టమయ్యేలా 2010లో మాత్రను మార్చారు. మంచి పనే. కానీ అప్పటికే అలవాటు పడ్డవాళ్ల సంగతి? వాళ్లలో కొందరు హెరాయిన్ వెతుక్కున్నారు. నాలుగేళ్లలో హెరాయిన్ మరణాలు మూడు రెట్లు దాటాయి. ఆ తర్వాత ఫెంటానిల్ అనే మరో మత్తుమందు వచ్చి అంతకన్నా ఎక్కువమందిని మింగింది. కొత్తగా హెరాయిన్ మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 80 శాతం అంతకుముందు నొప్పిమాత్రల్ని మత్తుకు వాడినవాళ్లేనని 2013లో అక్కడి అధ్యయనం ఒకటి తేల్చింది. అదే అధ్యయనం ఇంకో మాటా చెప్పింది: మాత్రల్ని అలా వాడినవాళ్లలో ఐదేళ్లలోపు హెరాయిన్‌కు వెళ్లినవాళ్లు 4 శాతం కూడా లేరు. కాబట్టి మాత్ర మింగిన ప్రతివాడినీ రేపటి హెరాయిన్ బానిసగా చూడటం అన్యాయం. మాత్ర ఆపి, మనిషిని వదిలేసిన చోటే ప్రమాదం పెరుగుతుంది.

మన దగ్గరా మాత్ర, హెరాయిన్ ఒకదానికొకటి దూరంగా లేవు. ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం హెరాయిన్ వాడేవారు 1.14 శాతం, నల్లమందు జాతి మాత్రలు, ఇంజెక్షన్లు మత్తుకు వాడేవారు 0.96 శాతం. నిద్రమాత్రల జాతి మందులు వాడేవారు 1.08 శాతం. మాత్ర వాడుతున్నట్టే తెలియని కల్లు తాగేవాడు ఇలాంటి సర్వేకి ఏమని జవాబు చెబుతాడు?

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే కల్లు దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు మళ్లీ అవే వణికే చేతులు వరస కట్టాయి. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. దుకాణాల లైసెన్సులు రద్దయ్యాయి, అరెస్టులు జరిగాయి. జరగాల్సిందే. అయితే ఆ దుకాణాల్లో రోజూ తాగినవాళ్లు మర్నాడు ఎక్కడికి వెళ్లాలన్నది కూడా ప్రభుత్వం పట్టించుకోవాల్సిన విషయమే.

కాంపౌండు మీద దాడికి ఎక్సైజ్ వాళ్లు బయల్దేరే ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు అందాలి. మోతాదు తగ్గిస్తూ ఇచ్చే మాత్రలు అక్కడ సిద్ధంగా ఉండాలి. ఫిట్స్ వస్తే జిల్లా ఆసుపత్రిలో మంచం దొరకాలి. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లాలి. వెళ్లినప్పుడు గోళీల గురించి కాదు, రోజుకు ఎన్ని సీసాలు తాగుతున్నావు, ఏ కాంపౌండులో తాగుతున్నావు, తాగి ఎన్ని రోజులైంది అని అడగాలి.